కార్టూన్ పిల్లల అమ్మానాన్నలు ఎక్కడికి పోతారు?

పిల్లల కోసం తీసిన యానిమేషన్ సినిమాలు ఏవైనా నాలుగు వరసపెట్టి చూడండి. బాంబి వాళ్ళమ్మని వేటగాళ్ళు కాల్చేస్తారు. సింబా వాళ్ళ నాన్నని సొంత తమ్ముడే కొండ మీంచి తోసేస్తాడు. ఎల్సా, అన్నా ఇద్దరి అమ్మానాన్నలూ ఓడ మునిగి పోతారు. టార్జాన్ తల్లిదండ్రుల్ని చిరుతపులి పొట్టన పెట్టుకుంటుంది. లీలో వాళ్ళది కారు ప్రమాదం. నీమో అయితే ఇంకా గుడ్డులో ఉండగానే తల్లినీ, తోడబుట్టాల్సిన వాళ్ళందర్నీ పోగొట్టుకుంటాడు. చావు లేని కథల్లో కూడా తల్లి కనపడదు. 1989 నాటి లిటిల్ మెర్మెయిడ్‌లో ఏరియల్‌కి తండ్రి ఉన్నాడు, తల్లి ఏమైందో ఆ సినిమాలో ఒక్క ముక్క చెప్పరు. 1991 నాటి బ్యూటీ అండ్ ద బీస్ట్‌లో బెల్‌కీ అంతే, 1992 నాటి అల్లాదీన్‌లో జాస్మిన్‌కీ అంతే. టామ్ అండ్ జెర్రీ పాత ఎపిసోడ్లలో ఇంటి పెద్దావిడ ఉంటుంది కానీ కాళ్ళు, చెప్పులు, చేతిలో చీపురు, అంతవరకే. మొహం ఉండదు.

సాయంత్రాలు మా వీధి పిల్లలు కొందరు మా అరుగు మీదకి చదువుకోవడానికి వస్తారు. హోంవర్క్ అయ్యాక కాసేపు ఏదో ఒకటి పెట్టమని గొడవ చేస్తారు, పెడతాను, వాళ్ళతో పాటు నేనూ కూర్చుంటాను. అలా పక్కన కూర్చుని చూస్తుంటే ఈ విషయం మనసులో పడిపోయింది, ఇక వదల్లేదు. మాది బరంపురం, ఒడిశా గంజాం జిల్లా. మా వీధిలో నిజంగానే ఇంటికొక నాన్న ఊళ్ళో ఉండడు, ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు చెప్పాల్సింది, ఇది నా ఒక్కదాని అనుమానం కాదని. 2014 డిసెంబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. 1937 నాటి స్నో వైట్ మొదలు 2013 నాటి ఫ్రోజెన్ దాకా బాగా ఆడిన పిల్లల యానిమేషన్ సినిమాలు 45 తీసుకున్నారు, అవే ఏళ్ళలో పెద్దల కోసం వచ్చిన డ్రామా సినిమాలతో పక్కపక్కన పెట్టారు, ముఖ్య పాత్రల్లో ఎవరు ఎంతసేపటికి చనిపోతున్నారో లెక్క కట్టారు. పెద్దల సినిమాల్లో కంటే పిల్లల సినిమాల్లో ముఖ్య పాత్రలు చనిపోయే అవకాశం రెండున్నర రెట్లు ఎక్కువగా తేలింది. కథానాయకుడి అమ్మానాన్నల వరకే చూస్తే ఐదు రెట్లు. రక్తం, తుపాకులు ఉంటాయని మనం పిల్లల్ని చూడనివ్వని సినిమాల కంటే, నిశ్చింతగా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయే సినిమాల్లోనే కన్నవాళ్ళు ఎక్కువగా పోతున్నారన్నమాట.

ఎందుకు అని అడిగితే చాలామంది చెప్పే మాట ఒకటుంది. వాల్ట్ డిస్నీ, ఆయన అన్న రాయ్ కలిసి తల్లిదండ్రులకి ఇల్లు కొనిచ్చారు. ఆ ఇంట్లో వేడి కోసం పెట్టిన ఫర్నేస్ లోపంతో విషవాయువు లీకై 1938 నవంబరులో తల్లి ఫ్లోరా చనిపోయింది, తండ్రి బతికాడు. కొడుకు ప్రేమగా కొనిచ్చిన ఇల్లే తల్లిని తీసుకుపోయింది, ఆ బాధ జీవితాంతం ఆయన్ని వెంటాడింది, అందుకే ఆయన సినిమాల్లో తల్లులుండరు అంటారు. ఆ కొడుకు బాధ ఎలాంటిదో ఊహించుకుంటేనే గుండె బరువెక్కుతుంది. కానీ కారణంగా ఇది నిలబడదు. స్నో వైట్ విడుదలైంది 1937 డిసెంబరులో, అంటే ఆవిడ పోవడానికి దాదాపు ఏడాది ముందు. బాంబి తల్లి చనిపోవడం 1923లో పుస్తకంగా వచ్చిన ఫెలిక్స్ సాల్టెన్ నవలలోనే ఉంది. పైగా ఒక మనిషి దుఃఖం ఒక కంపెనీ సినిమాల్ని వివరిస్తుందేమో గానీ జపాన్‌లో తీసినవాటిని, అమెరికాలోనే వేరే వాళ్ళు తీసినవాటిని, మన అమ్మమ్మలు చెప్పిన కథల్ని ఎలా వివరిస్తుంది?

అసలు సంగతి కథ చెప్పినవాళ్ళెవరికైనా తెలుసు. అమ్మ ఇంట్లో ఉంటే కథ గుమ్మం దాటదు. ఎనిమిదేళ్ళ పిల్ల అడవిలోకి బయల్దేరిందనుకోండి. "ఇంత ఎండలో ఎక్కడికే? లోపలికి రా, అన్నం తిని పడుకో." అయిపోయింది కథ. రాక్షసుడు లేడు, మాట్లాడే చిలక లేదు, ఏడు సముద్రాలు లేవు. ప్రేమున్న తల్లీ, బుద్ధున్న తండ్రీ చేసే మొదటి పని పిల్లని అపాయానికి దూరంగా పెట్టడం, కథకుడికి కావలసిందేమో సరిగ్గా ఆ అపాయమే. అందుకని అమ్మానాన్నల్ని ఎలాగోలా పక్కకి తప్పించాలి. తొంభై నిమిషాల్లో ఒక పిల్లని పెద్దదాన్ని చేసి చూపించాలంటే అడ్డంగా నిలబడి "నేను చూసుకుంటాలే" అనే మనిషి తెర మీద ఉండకూడదు. ఇంకో చిన్న కారణం కూడా ఉంటుందని నాకనిపిస్తుంది. చేత్తో బొమ్మలు గీసిన రోజుల్లో సెకనుకి 24 ఫ్రేములు, తెర మీద ఒక్కో మనిషి పెరిగేకొద్దీ గీయాల్సినవీ పెరుగుతాయి. కథకి అక్కర్లేని తల్లీతండ్రీ తెర మీద లేకపోతే ఆ చాకిరీ తగ్గుతుంది. అది అసలు కారణం కాదు గానీ, తప్పించేద్దాం అనుకున్నప్పుడు అడ్డు చెప్పేవాళ్ళు ఎవరూ ఉండి ఉండరు.

దీనికి రుజువు టీవీ సీరియళ్ళలో దొరుకుతుంది. డోరేమాన్‌లో నోబితాకి అమ్మ ఉంది, నాన్న ఉన్నాడు, అమ్మ ఎప్పుడూ మార్కుల మీద కేకలేస్తూనే ఉంటుంది. షిన్‌చాన్‌కీ అంతే. ఎందుకంటే సీరియల్లో ప్రతి ఎపిసోడూ మళ్ళీ మొదలైన చోటికే రావాలి, రేపు మళ్ళీ అదే ఇల్లు, అదే బడి, కాబట్టి ఇల్లు చెక్కుచెదరకుండా ఉండాలి. సినిమా అలా కాదు, అందులో పిల్లవాడు మొదట్లో ఉన్నవాడిలా చివర ఉండకూడదు, అందుకని ముందు ఇల్లు కూలాలి. మన హైదరాబాదు గ్రీన్ గోల్డ్ వాళ్ళ ఛోటా భీమ్ 2008 నుంచి వస్తోంది కదా, అందులో ఢోలక్‌పూర్ నిండా పెద్దవాళ్ళే, రాజుగారు కూడా ఉన్నారు, కానీ ఊరికి కష్టమొస్తే పరిగెత్తేది పిల్లలే. అదీ ఒక పద్ధతి. పెద్దవాళ్ళని చంపక్కర్లేదు, చేతకానివాళ్ళని చేస్తే చాలు.

మన పాత కథలు తిరగేస్తే అవీ ఇదే దారిలో ఉంటాయి. సవతి తల్లి లేకపోతే మన జానపద కథల్లో సగం లేవు. జర్మనీ గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన మొదటి కూర్పులో స్నో వైట్‌ని చంపించబోయింది కన్నతల్లే, తర్వాతి కూర్పులో ఆవిణ్ణి సవతి తల్లిగా మార్చారు. కన్నతల్లి అంత పని చేస్తుందంటే పిల్లలకి చెప్పడానికి మనసొప్పలేదు కాబోలు. ఏ ఊళ్ళో అయినా పురుటిలోనే తల్లులు పోవడం మామూలైన రోజులవి, మారుటితల్లి ప్రతి పిల్లకీ ఎరుకైన మనిషే. ఈ సవతి తల్లుల సంగతి ఇక్కడితో ఆపేస్తాను, దాని మీద వేరే రాయాలి, ఆ ఆడవాళ్ళ మీద కథలు వేసిన నింద అంత సులువుగా తేలేది కాదు.

నాకు ఆసక్తిగా తోచింది ఇంకొకటి. కథ అమ్మానాన్నల్ని ఎందుకు మాయం చేస్తుంది అన్నదాని కంటే, మాయం చేశాక పిల్లవాణ్ణి ఎటు పంపిస్తుంది అన్నది. అక్కడ రెండు రకాలు కనిపిస్తాయి. ఒక రకంలో అమ్మానాన్నలు పోవడం అంటే తలుపు తెరుచుకోవడం. పిల్లవాడు బయటికి వెళ్తాడు, స్నేహితులు దొరుకుతారు, గెలుస్తాడు, తిరిగొచ్చి సింహాసనం ఎక్కుతాడు. ఇంకో రకంలో పిల్లవాడు వెళ్ళేదే వాళ్ళ కోసం. మన బాలనాగమ్మ కథే చూడండి. మాయలఫకీరు తల్లిని ఎత్తుకుపోతే, ఉయ్యాల్లో ఉన్న బాలవర్ధిరాజు పెరిగి పెద్దవాడై, ఫకీరు ప్రాణం ఎక్కడో ఏడు సముద్రాల అవతల చిలకలో ఉందని తెలుసుకుని, దాన్ని పట్టుకొచ్చి తల్లిని విడిపిస్తాడు. సాహసం అంతా అమ్మని ఇంటికి తెచ్చుకోవడానికే. లవకుశులు పాడుతూ పాడుతూ వెళ్ళి నిలబడింది తండ్రి ఎదుటే. ఐదేళ్ళ ధ్రువుడు తండ్రి ఒళ్ళో కూర్చోబోతే సవతి తల్లి సురుచి లాగేస్తుంది, తండ్రి సింహాసనం మీద కూర్చునే ఉన్నాడు, నోరు మెదపడు, కన్నతల్లి సునీతి బతికే ఉంది, ఏం చెయ్యలేదు. ఆ పిల్లవాడు అడవికి వెళ్ళింది అమ్మానాన్నలు లేక కాదు, ఉండీ అందక. జపాన్ మియజాకి 2001లో తీసిన స్పిరిటెడ్ అవే కూడా ఈ రెండో రకమే, అమ్మానాన్నలు పందులైపోతారు, వాళ్ళని మళ్ళీ మనుషుల్ని చేసుకోవడానికే ఆ పిల్ల దెయ్యాల స్నానశాలలో పనికి కుదురుతుంది.

మా వీధి పిల్లలకి ఈ రెండో రకం కథలంటేనే ప్రాణం. ఎందుకో చెప్తాను.

గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాల మీదకి వెళ్ళినవాళ్ళు లక్షల్లో ఉంటారు. ఒడియా వాళ్ళే ఎక్కువ, మన తెలుగువాళ్ళూ తక్కువేం కాదు. బరంపురం పట్టు నేసిన తాతల మనవలు ఇప్పుడు సూరత్‌లో పాలిస్టర్ నేస్తున్నారు. పన్నెండు గంటల షిఫ్టు. మెస్సులో ఒకే పరుపు మీద పగలొకరు, రాత్రొకరు పడుకుంటారు. పూరీ-అహ్మదాబాద్ బండి ఎక్కితే మళ్ళీ రావడం ఏ పండక్కో, ఏ పెళ్ళికో, లేదంటే రెండేళ్ళకోసారి జరిగే ఠాకురాణి యాత్రకో. ఆ యాత్రలో మా ఊరి అమ్మవారు గుడి వదిలి పుట్టింటికి వచ్చి రోజుల తరబడి ఉంటుంది, ఊరు ఊరంతా ఆవిణ్ణి ఇంటి ఆడపడుచులా చూసుకుంటుంది. పిల్లలు పులి వేషాలూ, దేవుడి వేషాలూ వేసుకుని తిరుగుతారు. నాన్నలు సెలవు పెట్టి వచ్చేది అప్పుడే కాబట్టి మా పిల్లలకి ఆ యాత్ర అంటే అమ్మవారి కంటే ముందు నాన్న గుర్తొస్తాడు.

వీళ్ళలో ఒక పిల్లవాడున్నాడు, రెండో తరగతి. నాన్న సూరత్‌లో, అమ్మ అప్పడాలు చేసేచోట పనికి పోయి చీకటి పడ్డాకే వస్తుంది, ఇంట్లో మామ్మ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో కార్టూన్లు హిందీ, వాడికి మూడూ వచ్చు. ఒక సాయంత్రం 2019 లయన్ కింగ్ తెలుగులో పెట్టాను. సింబాకి నాని గొంతు, వాళ్ళ నాన్న ముఫాసాకి రవిశంకర్ గొంతు, ఆ గొంతు వినగానే పిల్లలందరూ సర్దుకుని కూర్చున్నారు. ఫోన్ చెంబుకి ఆనించి పెట్టాను, వాడు మామ్మ ఒళ్ళో తల పెట్టుకుని, మామ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ. దున్నల మంద పరుగు మొదలయ్యేసరికి మామ్మకి కథ అర్థమైపోయింది. "తీసెయ్యమ్మా, సందేళ అలాంటివి చూడకూడదు, ముందుకి జరుపు" అంది. నేను జరపబోయాను. వాడు నా చెయ్యి పట్టుకుని "ఉండనియ్యత్తా" అన్నాడు.

చూశాడు. ఏడవలేదు. సింబా పారిపోతుంటే మాత్రం లేచి కూర్చున్నాడు. "అత్తా, వాళ్ళమ్మ ఉంది కదా. అమ్మ దగ్గరికి పోకుండా అడవిలోకి ఎందుకు పోయాడు?"

ఈ సినిమా కథ నాకు నోటికొచ్చు, ఈ ప్రశ్న మాత్రం నాకెప్పుడూ రాలేదు. నిజమే కదా, సింబా తల్లి సినిమా మొత్తం బతికే ఉంటుంది. మనం వాణ్ణి అనాథ అనుకుంటాం, వాడు అనాథ కాదు. మరి అమ్మ దగ్గరికి ఎందుకు పోలేదంటే, బాబాయి స్కార్ వాడితో ఒక మాట అంటాడు, నీవల్లే మీ నాన్న చచ్చిపోయాడు, మీ అమ్మకి ఏ మొహం పెట్టుకుని కనిపిస్తావు అన్న అర్థం వచ్చే మాట. స్కార్ చేసిన పాపాల్లో అన్నని తోసెయ్యడం కంటే ఇది పెద్దదని నా గట్టి నమ్మకం. చంపినది తండ్రిని ఒక్కణ్ణే, ఈ మాటతో తల్లిని కూడా వాడికి లేకుండా చేశాడు. సింబా ఎక్కడో అడవిలో పాటలు పాడుకుంటూ పెరగడం చూసి మనం నవ్వుకుంటాం కానీ, ఆ పాటల వెనక ఉన్నది ఇంటికి వెళ్ళడానికి భయపడుతున్న పిల్లవాడు.

వాడికి అదే చెప్పాను, చిన్న మాటల్లో. "తన తప్పే అనుకున్నాడురా, అందుకే." వాడు కాసేపు ఊరుకుని, "మా నాన్న నా ఫీజు కోసమే సూరత్ పోయాడు" అన్నాడు. మామ్మ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఆగిపోయింది. "ఎవరన్నార్రా నీతో?" అంది. ఎవరూ అనలేదు. అమ్మ ఎప్పుడో ఫోన్లో నాన్నతో ఫీజు గురించి మాట్లాడుతుంటే విన్నాడు, దాన్ని తనే కూడుకున్నాడు. ఆ రాత్రి మామ్మ కొడుక్కి ఫోన్ చేసి ఏం చెప్పిందో నాకు తెలియదు, మర్నాడు మాత్రం వాడు వచ్చి, నాన్న వెళ్ళింది అప్పు తీర్చడానికట, తను పుట్టకముందు అప్పట, అని అందరికీ చెప్పాడు.

అందుకే నేను అంటాను, ఆ సీన్లు జరిపెయ్యకండి. పక్కన కూర్చోండి. పిల్లల్ని ఒంటరిగా ఫోన్‌తో వదిలేసి ఆ సినిమా చూడనివ్వడం వేరు, పక్కన ఒక మనిషి ఉండగా చూడడం వేరు. తెర మీద తండ్రి పోయినప్పుడు వాడు అడిగే ప్రశ్న తెర గురించి కాదు. మనం ముందుకి జరిపేస్తే ఆ ప్రశ్న ఎక్కడికీ పోదు, లోపలే ఉండిపోతుంది.

ఇక్కడ నాకొక గట్టి ఫిర్యాదు ఉంది. నేను చూసిన సినిమాల్లో చనిపోయిన అమ్మానాన్నలు కొల్లలు. బతికే ఉండి, ప్రేమ ఉండి, పని కోసం దూరంగా ఉన్న నాన్న దాదాపు లేడు. మా ఊళ్ళో అమ్మానాన్నలు లేకపోవడం అంటే ఎక్కువగా అదే. ఫోటోకి దండ వేసినట్టు కాదు, ఫోన్లో మొహం వస్తుంది, వెనకాల మగ్గాల చప్పుడుకి మాట వినపడదు, "ఆఁ? ఏంటి నాన్నా?" అని రెండుసార్లు అడుగుతాడు, ఈలోపు సిగ్నల్ పోతుంది. నెలనెలా డబ్బు వస్తుంది. పుట్టినరోజుకి మనిషి రాడు. వచ్చినప్పుడు మొదటిరోజు పిల్లవాడు దగ్గరికి పోవడానికి సిగ్గుపడతాడు, కాస్త చనువయ్యేసరికి సెలవు అయిపోతుంది. ఈ నాన్నని ఏ కార్టూన్‌లో వెతకాలి? చనిపోయిన తండ్రి ఆకాశంలో మబ్బుల మధ్య కనిపించి ధైర్యం చెప్తాడు, చాలా అందంగా ఉంటుంది, కానీ బతికున్న తండ్రి అలా కనిపించడు, ఆయనకి ఆ టైమ్‌లో నైట్ షిఫ్టు ఉంటుంది.

దగ్గరగా వచ్చింది ఆ మియజాకే 1988లో తీసిన టోటోరో ఒకటి. అందులో తల్లి చనిపోలేదు, ఆసుపత్రిలో ఉంది. తండ్రి మంచివాడే, ఉద్యోగానికి పోతాడు. ఆసుపత్రి నుంచి టెలిగ్రాం వస్తుంది, తల్లి ఈ వారం ఇంటికి రాలేదని తెలుస్తుంది, చిన్న పిల్ల మొక్కజొన్న పొత్తు పట్టుకుని ఒక్కతే తల్లి దగ్గరికి నడుచుకుంటూ బయల్దేరుతుంది. రాక్షసులెవరూ లేరు, యుద్ధం లేదు. అమ్మ వస్తానన్న రోజు రాకపోవడం, అదే ఆ కథలో వచ్చిన అతి పెద్ద ఆపద. మా అరుగు మీద ఆ సినిమా పెట్టినప్పుడు ఎవరూ మధ్యలో లేవలేదు. 2003 నీమో సంగతి వేరే, అందులో వెతుక్కుంటూ వెళ్ళేది తండ్రి. సముద్రం మొత్తం ఈదుకుంటూ వచ్చే నాన్న, దారిలో ఎవరు కనపడితే వాళ్ళకి కొడుకు గురించి చెప్పే నాన్న, ఆ నాన్న వస్తున్నాడన్న కబురు తన కంటే ముందే కొడుక్కి చేరడం. ఆ కబురు చేరే సీను మా పిల్లలు ఎన్నిసార్లు వెనక్కి తిప్పించారో. సినిమాలు పిల్లవాడి వైపే నిలబడతాయి, వెతుకుతున్న తల్లినో తండ్రినో మర్చిపోతాయి, ఇది మర్చిపోలేదు, నాకు దాని మీద ఉన్న ప్రేమ అందుకే.

అమ్మానాన్నలు బతికుండగా కథ నడవదు అనేవాళ్ళకి ఇప్పుడు జవాబులున్నాయి. 2004 ఇన్‌క్రెడిబుల్స్‌లో కుటుంబం అంతా కలిసే పోరాడుతుంది. 2017 కోకోలో ముత్తవ్వతో సహా ఇంటినిండా జనం, అడ్డుపడేది వాళ్ళే. 2022 టర్నింగ్ రెడ్‌లో తల్లి ప్రేమే ఊపిరాడనివ్వని సమస్య. అంటే నడుస్తుంది, కాస్త కష్టపడి రాయాలంతే. తండ్రిని మొదట్లోనే తీసెయ్యడం సులువు కాబట్టి తీసేస్తున్నారని నాకనిపించే సినిమాలు ఉన్నాయి, పోయినవాళ్ళని పిల్లవాడు మళ్ళీ ఒక్కసారి కూడా తలుచుకోడు, అలాంటివంటే నాకు కోపం. సింబా కథ అలాంటిది కాదు, అందులో పోయిన తండ్రి చివరిదాకా ఉంటాడు. ఆ తండ్రి చిన్నప్పటి కథని కూడా 2024లో తీశారు, తెలుగులో మహేశ్‌బాబు గొంతు ఇచ్చాడు, అందులో ఆ ముఫాసా కూడా వరదలో అమ్మానాన్నల నుంచి విడిపోయిన పిల్లే. అది చూసి మా పిల్లవాడు "వీడికీనా?" అన్నాడు.

2020 మే నెల కూడా గుర్తొస్తుంది. సూరత్ నుంచి శ్రామిక్ రైళ్ళు జగన్నాథపూర్ స్టేషన్‌కి వచ్చాయి, దిగినవాళ్ళని తిన్నగా ఇళ్ళకి పంపలేదు, ఊళ్ళల్లో బడులే క్వారంటైన్ కేంద్రాలు అయ్యాయి. పిల్లలు చదువుకునే గదుల్లో నాన్నలు, బయట గోడ దగ్గర పిల్లలు. మా బంధువుల ఊళ్ళో చూశాను, ఒక ఆడపిల్ల ప్రహరీ బయట రాయి మీదకెక్కి నిలబడి, "నాన్నా, నువ్వు కూర్చున్నది నా బెంచీ" అని అరిచింది. తండ్రి లేచి బెంచీ మీద ఏదో రాసుంటే చదివాడు, ఆ పిల్ల పేరే. ఇలాంటి దృశ్యం నేను ఏ యానిమేషన్ సినిమాలోనూ చూడలేదు, గీయడం ఏమంత కష్టం?

ఇంత దూరం వెతకడం దేనికి, మా పిల్లలు బడిలో ఒడియా పుస్తకంలో చదివే ధర్మపద కథ ఉంది. కోణార్క గుడి కట్టడానికి పన్నెండు వందల మంది శిల్పులు పన్నెండేళ్ళు పనిచేశారట. పెద్ద శిల్పి విశు మహారాణా ఇల్లు వదిలి వచ్చేసరికి భార్య కడుపుతో ఉంది. పుట్టిన కొడుకు పన్నెండేళ్ళు వచ్చేదాకా తండ్రి మొహం చూడలేదు. చివరికి తండ్రిని వెతుక్కుంటూ బయల్దేరాడు, గుర్తుపట్టడానికి పెరట్లో చెట్టు రేగుపళ్ళు మూటకట్టుకుని వెళ్ళాడని చెప్తారు. అక్కడ చూస్తే శిఖరం మీద కలశం నిలవడం లేదు, గడువులోపు పూర్తికాకపోతే అందరి తలలూ తీయిస్తానని రాజు ఆజ్ఞ. ఆ పిల్లవాడు ఎక్కి నిలబెట్టాడు. పన్నెండు వందల మంది చెయ్యలేనిది పన్నెండేళ్ళవాడు చేశాడని తెలిస్తే రాజు మమ్మల్ని బతకనివ్వడని శిల్పులు భయపడ్డారు. పన్నెండు వందల మంది కావాలా, కొడుకు కావాలా అని తండ్రిని నిలదీశారు, ఆ మాట ఒడియా వాళ్ళ నోట ఇప్పటికీ సామెతలా ఉంది. తండ్రి జవాబు చెప్పేలోపు పిల్లవాడు గుడి మీంచి సముద్రంలోకి దూకేశాడు.

పిల్లలకి ఈ కథలో త్యాగం గొప్పదని నేర్పుతారు. నాకు ఆ త్యాగం మింగుడుపడదు, ఎప్పుడూ పడలేదు. నాకు కావలసింది దానికి ముందున్న భాగం, పన్నెండేళ్ళు పనికోసం దూరంగా ఉండిపోయిన తండ్రి, రేగుపళ్ళ మూటతో వచ్చిన కొడుకు, ఒకరినొకరు మొదటిసారి చూసుకోవడం. ఆ తండ్రికి కొడుకు ఎత్తు ఎంత ఉంటుందో కూడా తెలియదు. కథ అక్కడ ఆగాలి, అక్కడ ఊపిరి తీసుకోవాలి, పరిగెత్తి శిఖరం ఎక్కెయ్యకూడదు. మా పిల్లలకి చెప్పినప్పుడు నేను అక్కడే ఎక్కువసేపు ఉంటాను. తండ్రి రేగుపండు కొరికి రుచి గుర్తుపట్టాడని చెప్తే ఒకమ్మాయి "మా నాన్నకి మేం ఆవకాయ పంపిస్తాం" అంటుంది, ఇంకొకడు అప్పడాలు అంటాడు, ఎండు చేపలు అంటాడు మరొకడు, ఇక కథ ముందుకి సాగదు, ఎవరింట్లోంచి సూరత్‌కి ఏం వెళ్తుందో ఆ లెక్కలే గంటసేపు.

ఈ కథని ఎవరైనా యానిమేషన్‌గా తీస్తే బాగుండును. పాత కోణార్క కథగానే తీయనక్కర్లేదు, ఇప్పటి కథగా తీయొచ్చు, గుడి బదులు మరమగ్గాల షెడ్డు, రేగుపళ్ళ బదులు ఆవకాయ జాడీ. పన్నెండేళ్ళ పిల్లో పిల్లవాడో బరంపురంలో బండెక్కితే రాయగడ, రాయ్‌పూర్, నాగ్‌పూర్ మీదుగా రోజుకి పైగా ప్రయాణం, సాహసానికి ఏం తక్కువ? తండ్రి చివరిదాకా బతికే ఉండాలి. పిల్లవాడు కూడా. హైదరాబాదులో బొమ్మలు గీసేవాళ్ళు ఎంతమంది ఉన్నారు, విదేశీ సినిమాలకి ఫ్రేములకి ఫ్రేములు మన పిల్లలే చేసి పంపిస్తున్నారు, ఒక గంటన్నర సినిమా మన కోసం చేసుకోలేరా. చేస్తే మాత్రం తెలుగులోనూ ఒడియాలోనూ రెండింట్లోనూ రావాలి, మా పిల్లలు నాన్నతో ఫోన్లో మాట్లాడేది తెలుగులో, ధర్మపదని చదువుకున్నది ఒడియాలో.